‘ఖాయం’ అని ఆధారం ఇస్తే ఏ మాట రాయాలి?

గళ్ల నుడికట్టు నింపేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు తగిలే ఆధారం ఒకటుంది. ‘తప్పకుండా జరిగేది’, ‘అనుమానం లేనిది’, ‘నిశ్చయంగా’, ‘ఖాయం’ అంటూ రకరకాలుగా ఇస్తారు గానీ అడిగేది ఒకటే, సందేహం లేని సంగతిని చెప్పే మాట. చూడగానే తేలిగ్గా అనిపిస్తుంది. బుర్రలోకి అరడజను మాటలు ఒక్కసారే వస్తాయి, మొదట వచ్చినదాన్ని పెన్నుతో రాసేస్తాం, ఇక అక్కడినుంచి మూడు నిలువులు పాడైపోతాయి. తెలియని మాట దొరక్క ఇబ్బంది పడే ఆధారం కాదిది, తెలిసిన మాటలు మరీ ఎక్కువై ఇబ్బంది పెట్టేది.

నాకు ఈ పని నేర్పింది కందుకూరులో ఉండే మా మామయ్య. ఆయన పేపరు మీద పెన్ను పెట్టే ముందు పక్కన మార్కాపురం పలక ఒకటి పెట్టుకుంటాడు, చిన్నపిల్లల పలకే, దానిమీద బలపంతో తోచిన మాటలన్నీ ఒకదాని కింద ఒకటి రాసి ఒక్కోటీ చెరుపుకుంటూ వస్తాడు. చివరికి చెరపడానికి కారణం దొరకని మాట పేపరు మీదకి వెళ్తుంది. పలకే అక్కర్లేదు, పాత కవరు వెనకైనా సరే, కానీ ఆ వరస మాత్రం పాటించండి.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది, అడిగింది ఏ రకం ఖాయం అని. ఇక్కడే చాలామంది తొందరపడతారు. మనం మాట్లాడేటప్పుడు వీటన్నిటినీ ఒకదాని బదులు ఇంకోటి వాడేస్తాం గానీ గడి కట్టినవాళ్లు ఆ తేడా చూసే ఆధారం రాస్తారు. ‘ఎవరూ ఆపలేనిది’ అంటే అనివార్యం, లేకపోతే అవశ్యంభావి. ‘అనుమానం లేనిది’ అంటే నిస్సందేహం, నిస్సంశయం, అసంశయం. ‘ఉన్నమాట, సత్యం’ అనే వాసన వస్తే నిజం, నిక్కం, తథ్యం. కదలకుండా నిలబడేది అయితే స్థిరం, దృఢం, ధ్రువం. మనసులో తీసుకున్న నిర్ణయం అయితే నిశ్చయం. ఎదుటివాడికి మనం ఇచ్చేది అయితే హామీ, పూచీ, భరోసా. మనలో మనకుండేది అయితే ధీమా. వేమన పద్యంలో ‘నిక్కమైన మంచి నీలం’ గుర్తుంది కదా, అక్కడ నిక్కం అంటే జరిగి తీరుతుందని కాదు, అసలుసిసలైనదని. కాబట్టి ఆధారంలో ‘కల్తీ లేనిది’ అన్నట్టు ఉంటే నిక్కం వైపు వెళ్లాలి, ‘జరిగి తీరేది’ అన్నట్టు ఉంటే ఖాయం, తథ్యం వైపు వెళ్లాలి. ఈ ఒక్క విడదీతతో పలక మీద సగం మాటలు పోతాయి.

పెళ్లి మాటలు ఇందులో తరచూ వస్తాయి, వాటిని విడిగా గుర్తుపెట్టుకోండి. మన ఇళ్లల్లో సంబంధం ఖాయమవుతుంది, ముహూర్తం ఖరారవుతుంది. ఈ రెండు మాటలూ అటూ ఇటూ మారవని కాదు గానీ తేదీ, ధర, అభ్యర్థి పేరు లాంటివి తేల్చడం గురించి ఆధారం ఉంటే ఖరారు దగ్గర పడుతుంది. ‘తాంబూలాలు పుచ్చుకునే వేడుక (4)’ అని ఉంటే నిశ్చితార్థం. అదే ఏడు గళ్లుంటే నిశ్చయ తాంబూలాలు.

ఆ తర్వాత గళ్ల లెక్క. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ మొదటి పజిల్ వేసినప్పుడు గడికి ఒక ఇంగ్లిష్ అక్షరం. మనకి అలా కుదరదు. గుణింతం, ఒత్తు, సున్న అన్నీ కలుపుకొని ఎంత పలుకుతామో అంతా ఒకే గడిలో కూర్చుంటుంది. నిర్ద్వంద్వం అనే మాట చూడ్డానికి ఎంత బరువుగా ఉందో, గళ్లు మాత్రం మూడే: ని, ర్ద్వం, ద్వం. తిరుగులేని అనేది తేలికైన మాట, దానికి ఐదు గళ్లు కావాలి. కంటికి కనిపించే పొడవుని నమ్మొద్దు, వేళ్ల మీద లెక్కపెట్టండి.

రెండు గళ్లంటే ఖాయం, తథ్యం, నిక్కం, నిజం, ధ్రువం, స్థిరం, దృఢం, రూఢి, పక్కా, సిద్ధం. మూడంటే నిశ్చయం, నిశ్చితం, అవశ్యం, కచ్చితం, ఖరారు, తప్పక, తప్పదు, నిక్కువం, గ్యారంటీ. నాలుగు గళ్లకి నిస్సందేహం, నిస్సంశయం, అసంశయం, అనివార్యం, ముమ్మాటికీ, తప్పకుండా, నిర్ధారణ, ఇదమిత్థం. ఐదుకి తప్పనిసరి, అవశ్యంభావి, ఘంటాపథంగా, నూటికి నూరు. ఈ పట్టీని ఒకసారి మీ చేత్తో రాసి దగ్గర పెట్టుకోండి. నేను నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకున్నాను, కొత్త మాట తగిలినప్పుడల్లా కలుపుతూ ఉంటాను.

లెక్కలో ఇంకో మెలిక ఉంది. నిశ్చయం మూడు గళ్లే గానీ పాత పద్ధతిలో నిశ్చయము అని రాస్తే నాలుగు, నిశ్చయంబు అన్నా నాలుగే. నిక్కం రెండు, నిక్కము మూడు, నిక్కంబు కూడా మూడు. ఆధారంలోనే ‘కావ్యాల్లో’, ‘పద్యంలో’, ‘గ్రాంథికంగా’ లాంటి మాట కనిపిస్తే వెంటనే ము, ంబు గుర్తు రావాలి. అలాంటిదేమీ లేకుండా ‘ము’ పెట్టి గడి నింపేశారంటే మాత్రం అది సర్దుబాటే, దాన్ని నమ్మకండి. నాలుగు గళ్లుండి మీ దగ్గర మూడక్షరాల మాటే ఉంటే దానికి తోక అతికించే ముందు నాలుగక్షరాల మాట ఇంకోటి వెతకాలి.

ఇప్పుడు అసలు చిక్కుకి వద్దాం. ఈ అర్థం చెప్పే మాటల్లో ‘ని’తో మొదలయ్యేవి ఎన్ని ఉన్నాయో గమనించారా? నిశ్చయం, నిశ్చితం, నిర్ద్వంద్వం, నిక్కువం, ఈ నాలుగూ మూడేసి గళ్లే, నాలుగూ ‘ని’తోనే మొదలవుతాయి, నాలుగూ సున్నతోనే ముగుస్తాయి. కాబట్టి నిలువు నుంచి మొదటి గడిలో ‘ని’ వచ్చిందని సంతోషపడి మొత్తం రాసేయకండి. ఆ ‘ని’ మీకు ఏమీ చెప్పలేదు.  ఈ కుటుంబంలో తేల్చేది నడుమ గడో చివరి గడో. దాన్ని దాటే నిలువు మీద ముందు పనిచేయండి.

నేనిది ఒకసారి తప్పు చేసే నేర్చుకున్నాను. ఒంగోలులో రైలెక్కి నెల్లూరు వస్తూ పేపరు తీశాను, సింగరాయకొండ రాకముందే ‘తేలిపోయినది (3)’ అనే అడ్డానికి నిశ్చయం అని పెన్నుతో రాసేశాను. దాన్ని దాటే నిలువు ‘సూర్యుడు దిగే వైపు (3)’. కావలి దాటేదాకా ఆ నిలువు కుదరలేదు, నాకు తెలిసిన మాట అయి కూడా. అక్కడ ఉండాల్సింది పశ్చిమం, నడుమ గడి ‘శ్చి’. నేను రాసింది ‘శ్చ’. ఆధారం మొదటినుంచీ సరిగ్గానే చెప్పింది: నిశ్చయం అంటే నిర్ణయం, తేలిపోయినది అంటే నిశ్చితం. నడుమ గడిలో ఒక్క గుడి తేడా. నెల్లూరులో దిగే లోపల ఆ మూల మొత్తం దిద్దుకోవాల్సి వచ్చింది. అప్పటినుంచి ఈ ఆధారానికి పెన్సిలే.

నడుమ అక్షరాన్ని బట్టి నిలువు మాటని ముందే ఊహించొచ్చు కూడా. ‘శ్చ’ కావాలంటే ఆశ్చర్యం లాంటి మాట దాటాలి. ‘శ్చి’ కావాలంటే పశ్చిమం, ప్రాయశ్చిత్తం. ‘క్కు’కి ఏ కొరతా లేదు, ముక్కు, దిక్కు, చిక్కుముడి, మక్కువ. ‘ర్ద్వం’ ఉన్న మాట ఇంకోటి దొరకడం కష్టం కాబట్టి గడి కట్టేవాళ్లు దానిమీదుగా నిలువు రాకుండా పైనా కిందా నల్లగళ్లు పెట్టుకుంటారు. నడుమ గడికి నిలువే లేకపోతే నిర్ద్వంద్వం గురించి తప్పకుండా ఒకసారి ఆలోచించండి. నాలుగు గళ్లలో నిస్సందేహం, నిస్సంశయం మొదటి రెండు గళ్లూ ఒకటే, ని, స్సం. ఈ రెంటిలో ఏదో ఒకటని తేలాక ఆ రెండు గళ్లూ నింపుకోవచ్చు, మూడోది ‘దే’ అవుతుందా ‘శ’ అవుతుందా అన్నది మాత్రం నిలువుకి వదిలేయాలి.

నిలువుకి వదిలేయడం అంటే అక్షరం అచ్చంగా అదే రావాలి. ముమ్మాటికీ అని అడ్డంలో రాశారనుకోండి, రెండో గడిలో ఉన్నది ‘మ్మా’. అక్కడినుంచి కిందికి ‘ఉలవపాడు పేరు చెబితే గుర్తొచ్చే పండు (3)’ అనే ఆధారం ఉంటే, మామిడిలో ఉన్నది ‘మా’. దగ్గరగా ఉంది కదా అని సర్దుకోకూడదు. మామిడి తప్పు కాదు, కాబట్టి ముమ్మాటికీ తప్పు. తేలిక ఆధారానికి వచ్చిన జవాబు ఎప్పుడూ ఖాయం మాట మీద గెలవాలి, ఎందుకంటే ఖాయం మాటకి బదులు పది ఉన్నాయి, ఉలవపాడు పండుకి బదులు లేదు.

ఆధారం ఎలా ముగిసిందో చూడండి. ఇది చిన్న విషయమే గానీ బాగా పనిచేస్తుంది. ‘-గా’ అనో ‘-కుండా’ అనో ముగిస్తే జవాబు కూడా పని ఎలా జరిగిందో చెప్పే మాటే కావాలి: తప్పక, అవశ్యం, నిశ్చయంగా, రూఢిగా. ‘-ది’ అని ముగిస్తే పేరు: అనివార్యం, నిశ్చితం. ‘చేయడం’ అని ఉంటే నిర్ధారణ, ఖరారు. ‘చెప్పడం’ అని ఉంటే మాటకి సంబంధించినది, ఘంటాపథంగా గానీ బల్లగుద్ది గానీ. ఘంటాపథం అంటే అసలు రాజమార్గం, ఆ అర్థంతోనూ ఆధారం ఇస్తారు, ‘పెద్దరోడ్డు మీద నిలబడి చెప్పినట్టు (5)’ అని చదివి ట్రంకు రోడ్డు గురించి ఆలోచిస్తూ ఉండిపోకండి.

ఒక ఆధారాన్ని మొదటినుంచి చివరిదాకా నింపి చూద్దాం. ‘అనుమానానికి తావు లేకుండా (5)’. ‘-కుండా’ అని ముగిసింది కాబట్టి చివరి గడిలో ‘గా’ ఉండే అవకాశం ఎక్కువ, పెన్సిల్‌తో సన్నగా పెట్టుకోండి. పలక మీద మూడు మాటలు వస్తాయి, నిస్సందేహంగా, నిస్సంశయంగా, ఘంటాపథంగా. చెప్పడం గురించి ఆధారంలో ఒక్క ముక్కా లేదు కాబట్టి మూడోదాన్ని పక్కన పెడదాం, పూర్తిగా చెరపొద్దు. ఇప్పుడు మూడో గడినుంచి కిందికి దిగే నిలువు ‘గుడి (3)’ అని ఉంది. విడిగా చూస్తే దీనికి ఆలయం, కోవెల, మందిరం, దేవళం అన్నీ సరిపోతాయి. కానీ మొదటి గడి దే, శ, ప ఈ మూడింటిలో ఒకటి కావాలి. దేవళం ఒక్కటే నిలబడింది. అంటే అడ్డం నిస్సందేహంగా అని తేలింది, నిలువు దేవళం అనీ తేలింది, విడివిడిగా రెండూ తేలనివే. రెండు తేలని ఆధారాలు ఒకదాన్నొకటి తేల్చుకోవడం ఈ ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. నాలుగో గడిలో ‘హం’ నుంచి హంస లాంటి మాట కూడా కిందికి దిగితే ఇక పెన్ను తీయొచ్చు.

వేరే భాషలనుంచి వచ్చిన మాటల గురించి కొంచెం. ‘ఇంగ్లిష్ హామీ (3)’ అంటే గ్యారంటీ అని రాసేస్తాం, వారంటీ కూడా మూడే గళ్లు, చివరి రెండూ ఒకటే. ఫ్యాను కొన్నప్పుడు ఇచ్చే కాగితం గురించి అయితే రెండూ కుదురుతాయి, మొదటి గడి నిలువు చూడకుండా ముందుకెళ్లొద్దు. ‘ఉర్దూ వాసన’, ‘తురకం మాట’, ‘హిందీలో’ అన్నట్టు ఉంటే ఖాయం, ఖరారు, పక్కా, జరూర్. జరూర్ లాంటి మాటల్లో చివరి పొల్లుకి చాలామంది ఒక గడి ఇస్తారు, కొందరు ముందు అక్షరంతో కలిపేస్తారు. ఆ పత్రికలో పాత జవాబులు ఒకటి రెండు చూస్తే ఆ కట్టేవారి అలవాటు తెలిసిపోతుంది. కచ్చితం విషయంలో కూడా ఇలాంటి ఇబ్బందే. మనలో చాలామందిమి ఖచ్చితం అని ఖ తోనే రాస్తాం, నిఘంటువుల్లో కనిపించేది మాత్రం కచ్చితం. మొదటి గడిని దాటే నిలువులో క వచ్చిందని ఆ మాటని వదులుకోకండి.

గూఢంగా అడిగే ఆధారాలు ఇంకో రకం. వీటిలో అర్థం ఒకవైపు, అక్షరాల ఆట ఇంకోవైపు ఉంటుంది. ‘అటునుంచి’, ‘తిరగబడిన’, ‘కింది నుంచి పైకి’ అంటే మాట తలకిందులు. ‘తడబడిన’, ‘చెదిరిన’ అంటే అక్షరాలు కలగలిసిపోయాయి. నిలువులనుంచి మొదటి గడిలో ‘థ్యం’ గానీ ‘క్కం’ గానీ వచ్చిందంటే ఇక వేరే చూడక్కర్లేదు, తెలుగులో అలా మొదలయ్యే మాట లేదు, తథ్యమో నిక్కమో వెనక్కి తిరిగింది. ‘లోపల’, ‘-లో’, ‘నడుమ’ అంటే ఆధారంలోని అక్షరాల మధ్యే జవాబు దాక్కుంది. నేను కట్టింది ఒకటి చెబుతాను: ‘శాఖా యంత్రాంగంలో ఇది తప్పదు (2)’. చదివితే ఏదో ఆఫీసు సంగతిలా ఉంటుంది. శా, ఖా, యం, త్రాం, గం అని విడదీసి చదవండి, రెండో అక్షరం మూడో అక్షరం కలిస్తే ఖాయం. ఇలాంటి ఆధారం దొరికితే అర్థం గురించి ఆలోచించడం ఆపి ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చదవాలి, రెండు మాటలు కలిసే చోట ముఖ్యంగా.

రెండర్థాల ఆధారాలు కూడా ఈ మాటలకి బాగా కుదురుతాయి. ‘భూమికి రెండున్నాయి, అనుమానం లేదు (2)’ అంటే ధ్రువం. ‘కచ్చా కానిది (2)’ అంటే పక్కా. ‘వండి పెట్టాక, రుజువయ్యాక (2)’ అంటే సిద్ధం. ఆధారం మధ్యలో కామా ఉండి, రెండు ముక్కలకీ పొంతన లేనట్టు అనిపిస్తే ప్రతి ముక్కకీ విడిగా మాటలు రాసుకుని రెండు వరసల్లోనూ ఉన్నదాన్ని తీసుకోండి.

ఇక్కడే ఒక జాగ్రత్త. కరతలామలకం, కుండబద్దలు కొట్టినట్టు, ఇవి ఖాయం మాటలని చాలామంది రాసేస్తారు. మొదటిది అరచేతిలో ఉసిరికాయలా స్పష్టంగా తెలియడం, రెండోది దాపరికం లేకుండా చెప్పడం. స్పష్టత వేరు, దాపరికం లేకపోవడం వేరు, ఖాయం వేరు.

నిఘంటువు చూడడం తప్పేమీ కాదని నా అభిప్రాయం, మాట తెలుసుకోవడానికే కదా ఇదంతా. బహుజనపల్లి సీతారామాచార్యులు కూర్చిన శబ్దరత్నాకరం 1885 నాటిది, బ్రౌన్ నిఘంటువు అంతకంటే ముందుది, రెండింటిలోనూ మాటలు ‘ము’తో ఉంటాయి కాబట్టి నిశ్చయం కోసం నిశ్చయము దగ్గర చూడాలి. ఫోన్లో అయితే ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఒకేసారి చాలా నిఘంటువులు వెతకొచ్చు. ఒంగోలులోనూ నెల్లూరులోనూ జిల్లా కేంద్ర గ్రంథాలయాలున్నాయి, పర్యాయపద నిఘంటువు చేత్తో తిప్పే అలవాటు పిల్లలకి చేయాలనుకుంటే ఒక ఆదివారం తీసుకెళ్లండి. అయితే వెతికేటప్పుడు ఆధారంలోని మాటనే కొట్టి వదిలేయకండి. ఖాయం కింద చూశాక, అక్కడ దొరికిన నిశ్చయం కింద చూడండి, ఆ తర్వాత దాని ఎదురు మాట, సందేహం, అనుమానం, సంశయం కింద కూడా చూడండి. ఖాయం చెప్పే మాటల్లో కొన్ని అనుమానానికి ముందు ‘నిస్’ గానీ ‘అ’ గానీ చేర్చి తయారైనవే. ఎదురు మాట తెలిస్తే ఇది దానంతటదే దొరుకుతుంది.

ఆ దారిలోనే నాకు ఒక ఆధారం తట్టింది, ‘తల తీస్తే అనుమానం వచ్చే ఖాయం (4)’ అని. కట్టి మామయ్యకి పంపాను. గంట తర్వాత ఆయన పలకని ఫొటో తీసి పెట్టాడు. నిస్సంశయం అని రాసి కొట్టేసి ఉంది, తల తీస్తే మిగిలేది ‘స్సంశయం’ కాబట్టి. దాని కింద అసంశయం, ‘అ’ మీద ఒక గీత. ఆ కింద ఇంకో వరస, “ఇదిగో అమ్మా, నిలువులు ఇవ్వకుండా ఒట్టి అడ్డం పంపితే ఎట్లా, గళ్లు కూడా గీసి పంపు.”